డిస్‌ప్లే పీసు

పట్నంబజారులో ఇనప సామాన్ల సందు మలుపు,
షాపు అద్దం వెనక
పది నెలలుగా చూస్తున్నాను దాన్ని.
నిన్న దాని మెడలో కొత్త చీటీ వేలాడింది:
ముప్పై ఎనిమిది వేల ఐదొందలు కొట్టేసి
కింద ఎర్ర పెన్నుతో ఇరవై ఆరు వేల తొమ్మిదొందలు.

పేరు స్లైడింగ్ మైటర్ సా.
మా వీధిలో అందరికీ అది మీటర్ మిషనే.
ఆటోకి ఉన్నట్టు దీనికీ తిరుగుతుంది మీటరు,
ఎవరి జేబులోంచో.

"ఎందుకంత తగ్గించారు?"
"డిస్‌ప్లే పీసు, యలమందాచారి గారూ.
దుమ్ము పట్టింది గానీ ఇంతవరకూ దేన్నీ కొరకలేదు.
వారంటీ ఉంది. వాపసు లేదు."

వాపసు లేదన్న మాట దగ్గర
నా చెయ్యి సంచిలోకి పోయింది.
తెచ్చుకున్న టేకు బద్ద తీశాను.
ఒక్క కోత కోసి చూస్తానంటే
కుర్రాడు మూలిగి, సరే అన్నాడు.

ప్లగ్గు పెట్టగానే షాపంతా ఒకటే అరుపు.
ఎదుటి తాళ్ళ కొట్టు ముసలాయన చెవులు మూసుకున్నాడు.
బద్దకి తెలిసేలోపే రెండయ్యింది.
ఒక ముక్క తిరగేసి, మూల కలిపి
ట్యూబులైటుకి ఎత్తి పట్టాను.
వెలుతురు దూరలేదు.
తల అటు వంచి చూశా, ఇటు వంచి చూశా,
దూరలేదు.

మా నాన్న చేసిన మద్దిచెక్క కోతపెట్టె ఉంది నా దగ్గర.
రంపం నడిచి నడిచి దాని గాడి అరిగింది.
నలభై ఐదు ఎప్పుడో నలభై ఆరు దాటింది.
నేను కట్టే ప్రతి ఫ్రేములో నాలుగు మూలలా
ఆ ఒక్క డిగ్రీ ఉంటుంది.
రంపప్పొట్టులో ఫెవికాల్ కలిపి
గోటితో నొక్కి, పైన వార్నీషు పూస్తాను.
పెళ్ళి ఫొటోలు, టెన్త్ ర్యాంకులు,
పెద్దకర్మ నాటికి కావాలని
తడిగొంతుతో ఆర్డరిచ్చే వాళ్ళవి.
ఎవరూ మూలలు చూడరు.
నేను మాత్రం ఎవరింటికి భోజనానికెళ్ళినా
ముందు అవే చూస్తాను.

శివరాణికి లెక్కలొచ్చు.
"నీ బద్ద వెడల్పెంత?"
"రెండంగుళాలు."
"ఆ మిషను ఎంత కోస్తుంది?"
"పన్నెండు."
కాసేపు కూర తరిగింది.
"మిగతా పదీ ఎవరికోసం కొంటున్నావు?"

జవాబు ఉంది, చెప్పడానికే సిగ్గు.
కొరిటెపాడులో లేస్తున్న అపార్ట్‌మెంట్లకి
గుమ్మాలు, అల్మరాలు, చెక్క మెట్లు
నేను చెయ్యగలనని ఇంతవరకూ ఎవరూ అనుకోలేదు,
నాతో సహా.
ఆ పదంగుళాలూ అవి.

చీటీ ఈ నెలే పాడేస్తే నాలుగు వేలు నష్టం.
తగ్గిన పదకొండు వేల ఆరొందల్లో
నాలుగు అక్కడే పోయాయి.
పైగా కరెంటు, మధ్యాహ్నం ఎప్పుడు పోతుందో.
చేతిరంపానికి ఆ గొడవ లేదు, చెమట చాలు.

ఇంకొకటి, షాపువాడు చెప్పనిది:
ఆ పట్టాలు వెనక్కి జరగడానికి
బల్ల వెనక అడుగున్నర ఖాళీ కావాలి.
మా కొట్టు లోతే ఏడడుగులు.
గోడ కవతల గాజుల దుకాణం.

రాత్రి షట్టరు సగం దించాక
శివరాణి టేపు తీసింది, మోకాళ్ళ మీద కూచుని.
కొలిచింది, మళ్ళీ కొలిచింది.
"మూడంగుళాలు చాలదు."
హమ్మయ్య అనిపించింది నాకు.
అలా అనిపించినందుకు ఆ వెంటనే కోపమొచ్చింది.

తను టేపు చుట్టలేదు.
లేచి, అద్దాల కట్ట పక్కకి జరిపి
సుద్దముక్కతో నేల మీద గీసింది,
గోడకి ఎదురుగా కాదు, మూలకి,
ఏటవాలుగా.
"ఇలా పెడితే?"
నా కంటికి తెలుసు, ఆ గీత
నలభై ఎనిమిది దాకా ఉంది.
చెప్పలేదు.

రేపు బేరం ఇరవై ఐదు దగ్గర మొదలుపెడతా.
ఇంకో బ్లేడు ఊరికే ఇవ్వమంటా.
ఇవ్వకపోతే ఏం చేస్తానో తెలీదు.
ఆ రెండు ముక్కలూ తలగడ కింద ఉన్నాయి.
చీకట్లో మూల కలిపి వేలితో తడుముతున్నాను,
అతుకు దొరకడం లేదు.