పలక పొడి

పుస్తకంలో రాసుంది: ఇసుక పళ్ళెం, ఒకటి.
చూపుడువేలితో అక్షరం దిద్దించాలంట.
గుండ్లకమ్మ ఇసుక ట్రాక్టరు ఎంతో
రాసినోళ్ళకు తెలిసుండదు.
ఎవరో ఇల్లు కడుతుంటే
ఆయా నాగూరమ్మ పోయి రెండు దోసిళ్ళు అడుక్కొచ్చింది.
అందులో పిల్లి దాచుకున్నవి ఏరేసరికి
మిగిలింది గుప్పెడు.

మార్కాపురంలో మా అంగన్‌వాడీకి
ఒక పక్క మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ,
ఇంకో పక్క మూతబడనిది.
రంపం ఆగితే గానీ
ఉ కీ ఊ కీ తేడా వినబడదు.
ఒకప్పుడు ఏ ఊరి బడిలో ఏ పిల్ల ఒళ్ళో ఉన్నా
అది మా రాయే.
ఇక్కడి పిల్లలకు మాత్రం పలకంటే
అంచు చూసి పట్టుకోవాల్సింది,
అమ్మ గోళ్ళకింద బూడిదరంగు,
నాన్న రాత్రి దగ్గు.

చింతగింజలు పేర్చి అ చేశారు.
దస్తగిరి ఒక గింజ బుగ్గన పెట్టుకుని
దాని తోక మాయం చేశాడు.
జనపతాడుతో ర చుట్టాం.
తలకట్టు నిలవదు, జారి పడుతుంది.
"పిలక గట్టిగా కట్టు టీచరమ్మా" అంది రమీజా.
ఆ రోజునుంచీ మాకది పిలకే.
సూపర్‌వైజరమ్మ వచ్చి తలకట్టేదని అడిగితే
పద్నాలుగు మందీ నా తల వంక చూశారు.
గాజు పెడితే సున్న.
గాజులో శనగగింజ పెట్టి పిలక దించితే ఠ.
ఆ శనగగింజ కూడా దస్తగిరే తిన్నాడు.

సలోమి దేనికీ రాలేదు.
పేరడిగితే గౌను అంచు నమిలేది.
ఒక సోమవారం బూస్టు డబ్బా తెచ్చి
నా ఒళ్ళో పెట్టింది.
మూత తీశా.
ముగ్గుకన్నా మెత్తన, వానమబ్బు రంగు.
పలక పొడి.
"ఇసుక లేదన్నావుగా."
జూన్ నుంచి అదే మొదటి మాట.

నేను చేసిన పని చెప్పుకోవాలి.
మూత బిగించేశా.
ఆ పొడి నాకు తెలుసు.
మా ఆయన ఎక్స్‌రేలో చూశా,
రెండు పక్కలా సన్నటి చుక్కలు,
చదువురానోళ్ళెవరో బలపంతో పొడిచినట్టు.
పళ్ళెంలో పోస్తే
ఒక్క తుమ్ము చాలు.

సలోమి నోరు మళ్ళీ గౌను అంచు వెతుక్కుంటోంది.

"నీళ్ళు తే అత్తా" అన్నా నాగూరమ్మతో.
పిల్లల్ని వసారాలోకి తోలి,
ముక్కుకి కొంగు కట్టుకుని,
అంచునుంచి, చుక్కచుక్కగా,
పొడి లేవకుండా తడిపాం.
బంకమట్టి కలిపాం.
లెక్కలో లేని గోధుమపిండి ఒక గుప్పెడు,
అది ఎక్కడిదని అడగొద్దు.

ముద్దలు. ముద్దలనుంచి పాములు.
పాము చుట్టుకుంటే ఇ.
పాము పాముని మింగితే ఏదో అక్షరం,
దస్తగిరికి తప్ప ఎవరికీ తెలియదు.
సలోమి పాము తెగింది.
తడివేలితో అతికి, వంచి, మళ్ళీ వంచి
తన పేరులో మొదటిది చేసింది.
స. తిరగబడ్డ స.
అద్దంలో చూస్తే సరిగ్గానే ఉంది.

ఇదే రాయిని వాళ్ళ నాన్న గీటుకి గీటు కోస్తాడు.
మూల పగిలితే కూలి తెగుతుంది.
ఈ అక్షరానికి అసలు మూలే లేదు.
పదకొండేళ్ళనుంచి రెంటి మధ్యా కూర్చుని
ఈ సంగతి ఎట్టా చూడలేదో.

సాయంత్రం యోహాను వచ్చాడు,
కనురెప్పలమీద పని ఇంకా అట్టాగే ఉంది.
"ఇది మా పొడేనా?"
కిటికీలో ఆరబెట్టిన స మీద
బొటనవేలు ఆనించాడు.
రేషన్ మిషను గుర్తుపట్టని వేలు,
మూడు నెలలనుంచి వాళ్ళావిడే పోయి బియ్యం తెస్తోంది.
"నాన్నా, నొక్కమాక! నాదది!"
ఫ్యాక్టరీలో రంపం నడుస్తూనే ఉంది.
అయినా వినబడింది.

స మధ్యలో నున్నటి గుంట పడింది,
ఒక్క గీత కూడా లేకుండా.
సరిచేద్దామని వేలు తడుపుకుని
ఎందుకో ఊరుకున్నా.

ఫోటో తీసి యాప్‌లో పెట్టా.
పైనుంచి జవాబొచ్చింది:
ఇసుక పళ్ళెం కనబడుట లేదు.