బుడగ

ఔలు నగరం. జనవరి. మైనస్ ఇరవై ఆరు.
బయటి చలిని గోడలోంచి పీల్చి
ఇనుప బీరువాల వీపుల మీద విసురుతున్నాయి పంకాలు.
వాటి మధ్య వియెనో
రాత్రి డ్యూటీలో, చేతులు పైకి మడుచుకుని.

ఒక్కో బీరువాలో ముప్ఫై యంత్రాల కాపురం.
యంత్రాలనడమే గానీ వాటికి ఒళ్లు లేదు.
దేనికదే ఇల్లంతా తనదనుకుంటుంది.
మేం వాటిని అతిథులంటాం.
తిథి చెప్పకుండా వచ్చేవాడు కదా అతిథి,
ఇవి కాగితం రాయించుకుని మరీ దిగాయి:
నాకు అరవై నాలుగు గిగాబైట్లు.
వాడేది పదకొండు.
మిగతాదంతా
బస్సు కిటికీలోంచి సీటు మీదికి విసిరిన కర్చీఫు.

రెండూ పదికి
ఆసుపత్రి ల్యాబ్ యంత్రం జాగా చాలక మూలిగింది.
వియెనో జాబితా చూసింది.
మంచు తీసే బండ్లకు దారి చెప్పే యంత్రం
మూడు రోజులుగా కునుకు తీస్తోంది.
"నీ దగ్గర తీసుకుంటానమ్మా" అంది,
గదిలో ఎవరూ లేకపోయినా.

తీసుకోవడమంటే లాక్కోవడం కాదు.
అతిథి గదిలో ఏ పుట ఖాళీయో
ఇల్లు గలవాడికి తెలీదు.
బయటినుంచి చూస్తే అన్నీ నిండినట్టే.
అందుకే లోపల ఒక బుడగను ఊదుతారు.
బుడగ ఇంటి పిల్లలాగే ఆకలంటుంది.
అతిథి పెడుతుంది,
పుట వెనక పుట, పుట వెనక పుట.
బుడగ తినదు.
పెరటి తలుపులోంచి అందించేస్తుంది.

అందిన పుటలను సున్నాలతో కడుగుతారు.
ఒకరి ఎంగిలి ఇంకొకరికి పెట్టకూడదు గదా.
కడగడానికీ కాలం పడుతుంది.
ఆ కాలం ఎవరి బిల్లులోనూ కనపడదు.

మొదట నిజంగా ఖాళీవే ఇచ్చింది.
అవి అయిపోయాక
పోయిన మంచులో చదువుకుని
మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనని దాచుకున్నవి తీసింది:
కాక్కురి వీధుల పటం,
హౌకిపుదాస్ వైపు వంతెన వాలు,
ఏ మలుపులో ఎవరి పోస్టుపెట్టె
పార తగిలి విరిగిందో, ఆ ఫిర్యాదు.
మీటరు మీద వీటన్నిటికీ ఒకటే పేరు,
వాడనివి.

నలభై ఆరు గిగాబైట్లు వెనక్కి వచ్చాయి.
ల్యాబ్ యంత్రం తెరిపిన పడింది.
గ్రాఫు ఇస్త్రీ చేసిన పంచెలా ఉంది.
వియెనో ఫ్లాస్కు మూత తిప్పింది.

నాలుగున్నరకు మంచు మొదలైంది.

తొమ్మిది మంది డ్రైవర్లు ఒక్కసారే దారి అడిగారు.
యంత్రం తన పుట కోసం చెయ్యి చాచింది,
పుట లేదు.
అడిగి తెచ్చుకోవాలి, తడబాటు.
ఇంకో పుట, ఇంకో తడబాటు.
ఒక్కోటీ రెప్పపాటులో వెయ్యో వంతు కూడా కాదు,
లక్షలుగా కలిసి వస్తే తప్ప.
ఇదివరకు నిండు నోటుగా ఉన్న జ్ఞాపకం
బుడగ పోయి వచ్చేసరికి చిల్లరైంది.
చిల్లర లెక్కపెట్టుకుంటూ
డిస్కు దగ్గరికీ ఇంటికీ తిరుగుతూ
తన ఊరినే మళ్లీ ఓనమాల నుంచి దిద్దుకుంది.

కూడలిలో కలెర్వో
తెర మీద గిరగిర తిరిగే చక్రాన్ని చూస్తూ
పదిహేడు సెకన్లు.
కాళ్ల కింద డీజిలు వణుకు.
వెనక రొట్టెల వ్యాను హారను కొట్టలేదు,
అక్కడ కొట్టరు,
లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించింది.
పదిహేడు సెకన్లకు అద్దం మీద
ఎంత మంచు పేరుకుంటుందో గ్రాఫుకు తెలీదు.

కలెర్వో తెరను వదిలేశాడు.
ఎడమకు తిప్పాడు.
ఇరవై రెండు చలికాలాల పటం ఒకటి
వాడకుండా పడి ఉంది అతని తలలో.
దాన్నెవరూ ఇంకా అడగలేదు.

ఆరింటికి ఫోను చేశాడు.
"రాత్రి మీ పెట్టె కాస్త ఆలోచనలో పడింది."
ఫిర్యాదు కాదు,
వాతావరణం చెప్పినట్టు చెప్పి పెట్టేశాడు.

వియెనో సెట్టింగుల్లో ఒక గీత గీసింది:
ఈ గదిలో ఇంతకు మించి ఊదొద్దు.
ఆ గీత వెనక ముప్ఫై గిగాబైట్లు
ఎండాకాలమంతా ఊరికే కూర్చుంటాయి,
ఎవరో ఒకరు లెక్క అడుగుతారు.
కారణం రాయాల్సిన గడిలో
కర్సరు చాలాసేపు ఆడింది.
"మంచు" అని కొట్టి
కోటు వెతుక్కుంది.