కన్సల్టెంట్

నా ఉద్యోగం వెతకడం.
కిసుములో, యూనివర్సిటీ మూడో అంతస్తులో,
వాన పడితే బకెట్ పెట్టుకునే గదిలో
పొద్దున్నే కూర్చుని
ఎవరి దగ్గర డబ్బుందో, ఎందుకిస్తారో, ఏ తేదీ దాకా ఇస్తారో
చూసి రాసుకుంటాను.

ఒక దేశం వాతావరణానికిస్తుంది.
ఇంకోటి నలభై దాటనివాళ్ళకే ఇస్తుంది.
ఒక ధర్మసంస్థ ఆడవాళ్ళకిస్తుంది, కాకపోతే పడవలు కొనకూడదట.
పడవలకిచ్చేవాళ్ళూ ఉన్నారు, పెట్రోలుకివ్వరు.

"ఒడేరా, నా చేపకెవరిస్తారు?"
అంటుంది డాక్టర్ అవూర్
గుమ్మం దగ్గరే నిలబడి, బూట్ల నిండా బురదతో.
అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నవాళ్ళెవరూ
ఆమెకు తారసపడినట్టు లేదు.

ఆమె చేప పేరు కమొంగో.
మడుగెండితే బురదలోకి దిగి
తన జిగురుతో తానే సంచి కట్టుకుని
నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళు,
చిన్న కన్నంలోంచి గాలి పీలుస్తూ పడుకుంటుంది.
మీరిప్పుడేం అనబోతున్నారో నాకు తెలుసు.
నేనూ అన్నాను: "మనలాగే కదా, డాక్టర్."
ఆమె నవ్వలేదు.
"నిద్రలో తన కండ తానే తింటుంది, ఒడేరా.
పోలికలు చెప్పకు. వెతుకు."

వెతికాను.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడిగితే అమ్మ పదిహేను పేజీల ఫారం ఇవ్వదు కదా!
ఇది ఫలితాలు ముందే రాయమంటుంది.
ఆలు లేదు, చూలు లేదు,
సోమలింగం బారసాల ఖర్చు యూరోల్లో చూపించమంటుంది.

పద్దులు వేశాం.
మైక్రోస్కోపు. ఫ్రీజరు, దానికో జనరేటరు.
ఇక మిగిలింది న్యాగుడి.

న్యాగుడికి డెబ్బై ఒకటి.
ఎండిన మడుగు మీద చెప్పుల్లేకుండా నడిచి,
ఒకచోట ఆగి, పిడికిలితో రెండుసార్లు నేలను తట్టి,
చెవి ఆనించి
"ఇక్కడుంది, కోపంగా ఉంది" అంటాడు.
ఆరేళ్ళలో మూడంటే మూడుసార్లు తప్పాడు.
అతని రోజు కూలి ఏ గడిలో రాయాలో
ఫారానికి తెలియదు.
పరికరం కాదు. విద్యార్థి కాదు. ప్రయాణం కాదు.
"కన్సల్టెంట్ అని రాయి" అంది అవూర్.
రాయగానే కింద ఎర్రగా వెలిగింది:
కన్సల్టెంటు బయోడేటా జతచేయండి.

గడువు బ్రస్సెల్స్‌లో సాయంత్రం ఐదు.
మాకు ఏడు.
ఆరింటికి కరెంటు పోయింది.
ఫోను వెలుగులో న్యాగుడి చెబుతుంటే రాశాను:
చదువు, నాన్న దగ్గర, అన్న దగ్గర, ఆ తర్వాత నీళ్ళ దగ్గర.
అనుభవం, మొదటి పడవ మునిగిన ఏడు నుంచి.
ప్రచురణలు?
"అంటే?"
నీకు తెలిసింది నలుగురికీ చెప్పడం, అన్నాను.
కాసేపు గడ్డం గోక్కుని అన్నాడు,
"చెబితే చేపలు మిగలవు కదా."
ఆ మాటే రాశాను. ఇంకేం తోచలేదు.
నాలుగు నిమిషాలుండగా,
పదకొండు శాతం బ్యాటరీతో
పంపాం.

ఎనిమిది నెలలు.
బకెట్ రెండుసార్లు మార్చాను.
ఉత్తరం వచ్చింది.
మైక్రోస్కోపు కొట్టేశారు. ఫ్రీజరు కొట్టేశారు.
జనరేటరు సంగతి చెప్పనక్కర్లేదు.
మా ఆఫీసు వాటా నాలుగు శాతానికీ వాత పెట్టారు.
ఒక్క పద్దు ముట్టుకోలేదు.
దాని పక్కన ఎవరో పరీక్షకుడు రాశాడు:
కన్సల్టెంటుకు ఇరవై రోజులు చాలవు, అరవై చేయండి.

చెబితే న్యాగుడి సంతోషించలేదు.
"అరవై రోజులు చెబితే
నా దగ్గరేం మిగులుతుంది?"
అవూర్ నోట్‌బుక్ తెరిచి, మళ్ళీ మూసింది.

నిన్న నన్నూ తీసుకెళ్ళారు మడుగుకి.
నా ఆఫీసు బూట్లకు మొదటిసారి బురద.
పిడికిలితో తట్టాను. చెవి ఆనించాను.
నా నాడి తప్ప ఏమీ వినపడలేదు.
"అక్కడ కాదు, ఇంకోచోట వెతుకు" అన్నాడు న్యాగుడి,
నా ఉద్యోగం ఎప్పటినుంచో తెలిసినవాడిలా.