ఆగుత్తె

మడివాళ దాటగానే వెలిగింది
స్పీడు ముల్లు పక్కన పసుపుపచ్చ పానా.
చప్పుడు లేదు, కుదుపు లేదు,
బండికి ఏ నొప్పీ ఉన్నట్టు లేదు.
అయినా రోజూ తాళం తిప్పగానే
బాకీ వసూలుకొచ్చి గుమ్మంలో నిలబడ్డవాడిలా
ఏమీ అడక్కుండా నిలబడేది.

బొమ్మనహళ్ళి షోరూములో
అద్దానికి ఇటు ఏసీ, అటు గ్రీజు.
అడ్వైజర్ లోహిత్ ట్యాబు మీద వేలు జరిపి
తొమ్మిది వేల నాలుగొందలన్నాడు.
సాయంత్రానికి అవుతుందా?
"ఆగుత్తె మేడమ్, ఆగుత్తె."
పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా
ఆ మాట దగ్గర నా చెవి ఇప్పటికీ తడబడుతుంది.
వాళ్ళ భాషలో అవుతుందని,
నా భాషలో ఆగమని.

నేను పనిచేసేది రక్తనిధిలో.
చీటీ లేని సీసా ఎవరిచ్చినా పుచ్చుకోను.
అందుకే ముందురోజు రాత్రి
చీపురుపుల్లకు దూది చుట్టి
గోళ్ళరంగులో ముంచి
బానెట్ కింద మోచేతిదాకా దూర్చి
ఆయిల్ ఫిల్టరు వీపు మీద
చింతగింజంత చుక్క పెట్టాను, ఎర్రగా.

ఆరింటికి బండి వచ్చింది.
కడిగారు. మల్లెపూల సెంటు కొట్టారు.
కాళ్ళ దగ్గర కాగితం పరిచారు.
పానా లేదు.
బిల్లులో పద్దెనిమిది వరసలు, వరసకో టిక్కు.
గేటు దగ్గరే ఆపి బానెట్ ఎత్తి
ఫోను లైటు వేశాను.
చుక్క
అక్కడే ఉంది. అంచు కూడా చెదరలేదు.

లోహిత్ ట్యాబులో ఏదో వెతకడం మొదలెట్టాడు.
మేనేజరు కాఫీ తాగమన్నాడు.
చివరికి పిలిపించారు: బే నాలుగు, ముబారక్.
ఇరవై రెండేళ్ళుంటాయేమో, కదిరి పిల్లాడు.
నా నోట్లోంచి "అబ్బా" రాగానే
తెలుగులోకి దిగిపోయాడు.
"దినానికి పదకొండు బండ్లక్కా.
ఆయిల్ మార్చినా. ఫిల్టరుకు టైము లేకపోయె.
లైటు ఆర్పకపోతే బండిని బయటికి ఇడ్సరు."
ఎట్లా ఆర్పుతావు?
చూపించాడు. తాళం సగం తిప్పి
ఒక బొత్తాన్ని పది లెక్కపెట్టేదాకా
నొక్కి పట్టుకోవడం.
అంతే.

కోపం రావలసిన చోట
నాకు నైట్ షిఫ్టు గుర్తొచ్చింది.
తెల్లవారుజామున ఫ్రిజ్ అలారం కూస్తే
ముందు చెయ్యి పోయేది మోత ఆపే బొత్తాం మీదికే,
ఆ తర్వాతే కళ్ళు పోయేది అంకెల మీదికి.
ఒకసారి
ఆ తర్వాత కూడా పోలేదు.
ఆ రాత్రి ఏమీ కాలేదు.
ఏమీ కాలేదని తెలిసింది మాత్రం మర్నాడు మధ్యాహ్నం.

ముబారక్ బండిని మళ్ళీ పైకెత్తాడు.
షటర్లు సగం దించేశారు, ఒక్క బే లోనే దీపం.
ఎనిమిదింటికి
పాత ఫిల్టరు పేపర్లో పెట్టి తెచ్చాడు,
చుక్క నాకు కనపడేలా తిప్పి.
"పొద్దున కిందనుంచి చూసినా దీన్ని.
కంపెనీ గుర్తనుకుంటినక్కా."
వాడి గోళ్ళన్నీ నల్లరంగు.

లోహిత్ గేటు దాకా వచ్చి
కంప్లయింటు రాస్తారా మేడమ్ అన్నాడు.
"ఆగుత్తె" అన్నాను.
ఏ భాషలో అన్నానో
సిల్క్ బోర్డు దగ్గర మూడు సిగ్నళ్ళు పడినా తేలలేదు.
పక్క సీట్లో పాత ఫిల్టరు
నెమ్మదిగా పేపరు తడుపుతోంది.