ఎనిమిది అక్షరాలు

కాశీనగర్ గోడౌన్‌లో జిస్టు కార్డు వేసిన పాత కంప్యూటరుకి
పేరంటే ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు,
ఒక చుక్క,
చుక్క దాటాక ఇంకో మూడు.
అంతకు మించి పిలిస్తే పలకదు.

భువనేశ్వర్ నుంచి వచ్చిన సీడీలో
ఫైళ్ళ పేర్లు శుభలేఖల్లా ఉండేవి.
ధాన్యం తూకం ప్రోగ్రాం వాడే విధానం, తెలుగు.
ధాన్యం తూకం ప్రోగ్రాం వాడే విధానం, ఒడియా.
నౌపడలో పెద్ద బండి దిగి
పర్లాకిమిడి చిన్న బండి ఎక్కేవాళ్ళలా
మూటలు విప్పుకుని, సగం ప్లాట్‌ఫారం మీదే వదిలి
అవి ఫ్లాపీలోకి ఎక్కాలి.

నేను ముందు ఎనిమిదీ ఉంచి మిగతాది కోసేశాను.
తెలుగు ఎక్కింది.
దాని ఒళ్ళోనే ఒడియా ఎక్కి కూర్చుంది.
ఒకటే పేరు, ఒకటే సీటు.

మర్నాడు తూకం కుర్రాడు చిన్నారావు
నెత్తిన గొడుగులు పట్టుకున్న అక్షరాలకేసి చూసి
"మాటాడ్డం వచ్చుగానీ చదవడం రాదప్పా" అన్నాడు.
బయట పదిహేడు ధాన్యం బళ్ళు.
ఎద్దులు నెమరేస్తున్నాయి, రైతులు నన్ను చూస్తున్నారు.

పాణిగ్రాహి బాబు తిట్టలేదు.
"దొమొయొంతీ, తేడా ముందు రాయి, పోలిక వెనక.
తోక తెగినా ఎవరు ఎవరో తెలుస్తుంది."
అణా కాగితం రంగు నోటుబుక్కొకటి తెచ్చి
నడిమధ్య గీత కొట్టారు.
ఎడమ పక్క పొట్టి పేరు, కుడి పక్క పూర్తి పేరు.
అన్నిటికన్నా ముందు చదవాల్సినదానికి
మొదట్లో రెండు సున్నాలు.

మా ఇంటిపేరు కొరికాన.
తెలుగులో నాలుగు, ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది.
"మిషను నీకోసమే చేశారు" అని నవ్వేవారు.
ఆయనది తొమ్మిది.
చివరి ఐ ఎప్పుడూ గుమ్మం బయటే.

ఇప్పుడు పెద్ద లైను పడింది. చిన్న బండి లేదు.
ఆఫీసులో కొత్త పిల్లలు
"చివరిది, నిజంగా చివరిది, ఇదే వాడండి" అని
ఫైలుకి బారెడు పేరు పెట్టి
ఎక్కడ పెట్టారో వెతుక్కుంటారు.

నోటుబుక్కు నా దగ్గరే ఉంది.
ఆఖరి పేజీ ఆయన రిటైరైన రోజుది.
ఎడమ పక్క పాణిగ్రాహి, ఎనిమిది అక్షరాల మేరకు.
కుడి పక్క పూర్తి పేరు రాయలేదు.
మిగిలిపోయిన ఆ ఒక్క ఐ, నిలువుగా, పెద్దగా.

చిన్నారావుకి చూపిస్తే
ఒకటి అంకె అనుకున్నాడు.