గోరంత

కొండమీది ఇళ్ళకు గ్యాస్ బండ మోస్తాను.
చిట్టినగర్ వైపు నుంచి ఎక్కితే
రెహానా వాళ్ళ గడపకి రెండు వందల పన్నెండు మెట్లు.
నూటయాభై దాకా లెక్క నోటితో,
ఆ తర్వాత మోకాళ్ళతో.

పోయిన శ్రావణంలో
పాచి పట్టిన మెట్టు మీద కాలు జారి
బండకీ గోడకీ మధ్య
ఎడమచేతి బొటనవేలు నలిగింది.
గోరు మొదలంటా నల్లబడింది.
"గోరంతని కొండంత చేస్తాడు వీడు" అంది మా అమ్మ
పసుపు అద్దుతూ.
మర్నాడు మళ్ళీ ఎక్కాను. బండకేం తెలుసు.

రెహానా డిగ్రీలో రాళ్ళ చదువు చదువుతోంది.
తలుపు తీసేటప్పుడు కూడా
పేజీలో వేలు పెట్టుకునే వస్తుంది.
"ఇంతకీ కొండలెట్లా పుడతాయి తల్లీ?" అన్నాను
చెంబెడు నీళ్ళు తాగి.
తెలుసుకోవాలని కాదు,
ఇంకాసేపు ఫ్యాను కింద కూర్చోవాలని.

"ఖాదర్, ఆ చివర కూర్చో. కదిలావంటే చూడు."
నేల మీద పరిచిన దుప్పటిని
ఈ చివర నుంచి రెండు చేతులా తోసింది.
దుప్పటికి వీపు లేచింది,
దాని వెనక ఇంకో వీపు.
మడత మీదున్న స్టీలు గ్లాసు దొర్లి
మంచం కిందికి పోయింది.

"అంతే అన్నా. నేలంతా ఒక్క ముక్క కాదు, పలకలు.
కింద వేడికి మెత్తబడ్డ రాయి మీద జరుగుతుంటాయి.
సముద్రపు అడుగు బరువు.
ఏదైనా ఎదురొస్తే తలొంచుకుని దాని కిందికి దూరుతుంది.
నేలకి నేలే ఎదురైందనుకో,
రెండూ తేలికే, రెండూ మునగవు.
వెనక నుంచి తోపుడు ఆగదు.
ఇక పోవడానికి మిగిలింది పైకే."

నాకు ఏలూరు కాలవ గట్టు గుర్తొచ్చింది.
గట్టు మీద నాన్న వేసిన గుడిసె,
దాన్ని తీయమన్న కాయితం,
కింద బజార్లలో అద్దె అడిగిన ప్రతి గుమ్మం.
మేం మునిగే రకం కాదు.
తట్టాబుట్టా నెత్తినెట్టుకుని
ఈ కొండకి అవతలి వైపు ఎక్కాం.
ఇదేం చెప్పలేదు ఆ పిల్లకి.

"ఎంత జోరుగా గుద్దుకుంటాయో!" అన్నాను,
హైవే మీద రెండు లారీల్ని ఊహించుకుని.
నవ్వి నా బొటనవేలి వంక చూసింది.
"ఇదిగో, ఇది పెరిగినంత జోరు.
ఇంచుమించు అంతే. హిమాలయం లేచింది ఆ జోరుకే,
ఇంకా లేస్తోంది."

విన్నావా అమ్మా,
గోరంతని కొండంత చేసేది నేనొక్కణ్ణే కాదు.

"మరి మన కొండ?"
"ఇది ముసలిదన్నా. హిమాలయం దీని ముందు
నిన్న పుట్టిన పిల్ల.
ఈ రాయి ఒకప్పుడు సముద్రంలో బురద.
ఏవో రెండు నేలలు ఒకదాన్నొకటి తోసుకున్నప్పుడు
మైళ్ళ లోతుకి నలిగిపోయి అక్కడ ఉడికింది.
దీని నెత్తిన ఉన్న కొండంతా
వానకీ గాలికీ అరిగిపోయింది.
మీరు రోజూ ఎక్కేది శిఖరం కాదు.
వేరు."

ఖాళీ బండ భుజానేసుకుని దిగుతున్నాను.
నూట తొంభై మూడో మెట్టు పక్కన
మొన్న వానలకి కదిలిందని
కార్పొరేషనోళ్ళు ఇనప వల కప్పిన రాయి.
దాని ఒంటి మీద ఎర్రటి చుక్కలు,
ఇన్నాళ్ళూ వల తుప్పు అంటుకుందనుకున్నాను.
చెయ్యి పెట్టి చూశాను. ఎండకి కాలుతోంది.
లోపల ఉడికిన వేడి ఇది కాదులే.

అక్కణ్ణుంచి బ్యారేజీ కనిపిస్తుంది,
దాని దిగువన ఇసుక తిన్నెలు,
ఇంకా దూరంగా పొగమంచో పొలాలో తెలియని పచ్చదనం.
మరి అరిగిపోయిన శిఖరం ఎక్కడికి పోయింది?
అడగడం మర్చిపోయాను.
కింద ఎవడో నాగలితో దాన్నే దున్నుతున్నాడేమో.

మెట్టు మీద కూర్చుని
గోటి కొసన మిగిలిన నల్లముక్కని కొరికి ఊశాను.
ఆర్నెల్లు పట్టింది అక్కడికి రావడానికి.
ఈలోగా మనందరం,
కాలవలూ బస్టాండూ ఈ రెండొందల పన్నెండు మెట్లతో సహా,
నా బొటనవేలి వెడల్పంత ఉత్తరానికి జరిగాం.
ఎవరి గ్లాసూ దొర్లలేదు.

ఫోన్ మోగింది.
గుణదల కొండ, మూడొందల మెట్లు పైనేనట.
మెట్ల కూలి విడిగా అడగాలి.