పదిహేనో వంతు

తిబిలిసిలో, పొడి వంతెన మీద
పాత పతకాలు, కాళ్ళు విరిగిన సమోవార్లు, ఎవరివో కళ్ళజోళ్ళు.
వాటి పక్కన గివి పరిచిన దుప్పటి.
దుప్పటి మీద కెమెరాలు,
రెప్పల్లేక నిద్రపోయే చేపల్లా.

నా జేబులో తొంభై ఉన్నాయి.
ఆ మాట ముందే చెప్పేశాను,
బేరం చెడేదుంటే ముందే చెడాలని.

"ఏం తీస్తావు మాక్వాలా?"
రాత్రిని, అన్నాను.
నాలుగింటికి రొట్టెల బట్టీ దిగి ఇంటికి నడిచే దారిని.
మందుల దుకాణం ఆకుపచ్చ దీపం కింద
తడిసి మెరిసే రాళ్ళు,
మొదటి బస్సు కోసం నిలబడ్డ నర్సులు,
స్టీరింగు మీద చెంప ఆన్చి నిద్రపోయే టాక్సీవాళ్ళు.

ముందు ఒక ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చాడు.
అన్నీ అదే చూసుకుంటుందట.
నొక్కాను.
"ఎవరక్కడ!" అని కాపలావాడు అరిచినట్టు ఫ్లాష్ పేలింది.
వంతెన మీద నలుగురు తిరిగి చూశారు.
వద్దు గివీ, దీనికి నోరెక్కువ.

రెండోది జెనిత్. ఇటుక.
షట్టర్ పడితే వీధితలుపు వేసినట్టే.

మూడోది సబ్బుబిళ్ళంత.
మూత జరిపితే కన్ను తెరుస్తుంది, గుప్పిట్లో దాక్కుంటుంది.
ధర చెప్పాడు.
మూత మూసి దుప్పటి మీద పెట్టేశాను.
పెట్టడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

అది చూశాడో ఏమో
స్టూలు కిందనుంచి ఇంకోటి తీశాడు.
నల్లరంగు రాలి అంచుల్లో ఇత్తడి,
లెన్సు చుట్టూ సన్నటి అంకెలు: ఒకటి పాయింట్ ఏడు.
టార్చి వేసి చూశాను, బూజు లేదు.
వెనక తలుపు తెరిస్తే
కుళ్ళిన నురుగు పట్టీలు తారులా వేలికి అంటుకున్నాయి.
షట్టర్ చప్పుడు,
పొద్దుతిరుగుడు గింజ కొరికినంత.

"ఒకటే లోపం. మీటరు చచ్చిపోయింది.
వెలుగెంతో అది చెప్పదు."

నవ్వొచ్చింది నాకు.
పదకొండేళ్ళుగా మట్టి బట్టీలోకి
నడుం దాకా వంగి గోడకి రొట్టె కొడుతున్నాను.
దానికే ముల్లుందని?
చెయ్యి పెడితే మోచేతి వెంట్రుకలు చెబుతాయి,
ఇప్పుడా, ఇంకాసేపా అని.

నూట పది అన్నాడు.
తొంభై, నాలుగు ఆదివారాలు రెండేసి వేడి రొట్టెలు.
సరే అన్నాడు, రొట్టె మాట దగ్గరే.

ఏనుగును కొని అంకుశానికి బేరమాడతారంటారు.
నాది తలకిందులు.
అంకుశం ఇంటికొచ్చింది,
ఫిల్ము కొనబోతే తెలిసింది ఏనుగు ఏదో.

నాలుగు వందల ఫిల్ముకి
నువ్వు పదహారు వందలని అబద్ధం చెప్పి,
దీపస్తంభానికి భుజం ఆన్చి,
ఊపిరి బిగబట్టి
సెకనులో పదిహేనో వంతు.
పెళ్ళికి కూడా ఇంత కదలకుండా నిలబడలేదు నేను.

ముప్పై ఆరులో ముప్పై ఒకటి బొగ్గు.
రెండింట్లో నా వేలు.
రెండింట్లో వీధి వణికింది, లేదా నేను.
మిగిలిన ఒక్కదాంట్లో
బస్టాపు దగ్గర ఒంటికాలి మీద ఒక నర్సు,
బూటు విప్పి రాయి దులుపుతోంది.
నలుపు తెలుపుల్లో ఆకుపచ్చ ఉండదు.
నాకు కనిపిస్తోంది.

ఆఖరి రొట్టెలతో పాటు గివికి చూపించాను.
గింజలు ఉమ్మి, చాలాసేపు చూశాడు.
"ఫోకస్ బూటు మీద పడింది, ముఖం మీద కాదు."

బూటుకే పెట్టాను, అన్నాను.
అబద్ధమే.